సిపాయి చెప్పని వ్యాధి

కురుక్షేత్రమున ఉభయసేనల నడుమ రథము నిలిపించిన అర్జునుడు తన బాధను సారథికి చెప్పుకొనిన క్రమము గమనింపదగినది. అవయవములు పట్టు తప్పుచున్నవనియు, నోరు ఎండుచున్నదనియు, ఒడలు వణకి గగుర్పొడుచుచున్నదనియు, గాండీవము చేజారుచున్నదనియు, చర్మము మండుచున్నదనియు మొదట చెప్పెను. మనస్సు తిరుగుచున్నట్లున్నదను మాట ఆ లక్షణముల వరుసలో చిట్టచివరకు గాని రాలేదు. ఈ ఘట్టమును వేదాంతులు వేదాంతముగా చదివిరి. వైద్యుడు చదివినచో అందులో అతనికి చిరపరిచితుడైన రోగి కనబడును. ఆయుధము పట్టినవాడు తన దుఃఖమును ముందుగా దేహభాషలోనే చెప్పును. మనస్సు మాట కడపట చెప్పును; అడుగువారు లేకున్న అదియు చెప్పడు.

అర్జునునకు వినువాడొకడు ప్రక్కనే ఉండెను. నేటి సైనికునకు ఆ స్థానమున దొరకువాడు చాల సందర్భములలో మనోవైద్యనిపుణుడు కాడు. ఉదయపు సిక్ పరేడులో వరుసగా వచ్చు జవానులను చూచు సామాన్య వైద్యుడే అతనికి దొరకువాడు. నడుము పట్టినదనియు, తల పగిలిపోవుచున్నదనియు, కడుపులో మంట యనియు, రాత్రులు నిద్ర లేదనియు చెప్పుకొనుచు వారు ఎం.ఐ. రూము ముందు నిలుచుందురు. ఒక్కొక్కరికి దొరకు సమయము కొద్ది నిమిషములు. ఆ కొద్ది నిమిషములలో వైద్యుడు మాత్ర వ్రాసి పంపునా, మరొక ప్రశ్న వేసి చూచునా అనుదానిపై కొన్ని ప్రాణములు ఆధారపడియున్నవి. గత ఇరువదియేండ్లకు పైగా జరిగిన పరిశోధనలు ఈ సంగతినే పలువిధముల చెప్పుచున్నవి.

పేర్లు మారినను మారని జబ్బు

యుద్ధము మనస్సును గాయపరచునను సంగతి క్రొత్తది కాదు. ప్రతి తరమును దానికొక క్రొత్త పేరు పెట్టి, కొంతకాలమునకు మరచిపోవుచు వచ్చినది. 1688లో బాసెల్ నగరమున యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, స్వదేశమునకు దూరమై క్రుంగిపోవువారి జబ్బునకు ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టెను. పరరాజుల కొలువులో నుండిన స్విస్ సైనికులకు ఆ పేరు అంటుకొనెను. అమెరికా అంతర్యుద్ధము ముగిసిన పిదప 1871లో జేకబ్ డా కోస్టా అను వైద్యుడు, గుండెయందు లోపమేమియు కానరాకున్నను దడయు, ఆయాసమును, ఛాతినొప్పియు చెప్పుకొను సైనికులనుగూర్చి వ్రాసెను. లోకులు దానిని ‘సైనికుని గుండె’ యనిరి.

1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అను బ్రిటిష్ వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ‘షెల్ షాక్’ అను మాటను అచ్చులోనికి తెచ్చెను. ఫిరంగిగుండ్ల ప్రేలుడువలన మెదడు అదరి ఈ వ్యాధి కలుగునని మొదట తలచిరి. గుండు దరిదాపులకు పోనివారియందును అవే లక్షణములు కనబడుటతో ఆ ఊహ నిలువలేదు. ఊహ తొలగిన చోట అనుమానము వచ్చి కూర్చుండెను. శరీరమున గాయము లేనివాడు పిరికివాడైయుండవలెనని పలువురు సేనానులు నిశ్చయించుకొనిరి. ఆ యుద్ధకాలమున పలాయనము, పిరికితనము మొదలగు నేరములపై బ్రిటిష్ సైన్యము కాల్పించిన 306 మందికి 2006లో గాని ఆ దేశపు పార్లమెంటు చట్టము చేసి క్షమాపణ ప్రసాదింపలేదు. వారిలో కొందరు నేరస్థులు కారు, రోగులని బంధువులు దశాబ్దములపాటు మొరపెట్టుకొనిరి.

అదే కాలమున ఎడింబరో సమీపమునందలి క్రైగ్‌లాక్‌హార్ట్ సైనిక వైద్యశాలలో డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ అను వైద్యుడు వేరొక మార్గము పట్టెను. నీలగిరులలో తోడాజాతివారి నడుమ మసలి, వారినిగూర్చి 1906లో పెద్ద గ్రంథము ప్రకటించినది ఈయనయే. కొండజాతివారి మాటలను ఓపికతో విని వ్రాసికొనిన ఆ మనిషి, యుద్ధమునుండి వచ్చిన రోగుల మాటలను గూడ అట్లే వినెను. జరిగినదంతయు మరచిపొమ్మని నాటి పెద్దలు ఇచ్చుచుండిన సలహా మేలుకంటె కీడే ఎక్కువ చేయుచున్నదని ఆయన 1918లో ప్రకటించిన వ్యాసమున వివరించెను. ఆంగ్లకవులు సీగ్‌ఫ్రీడ్ ససూన్, విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఇరువురును 1917లో ఆ వైద్యశాలలో ఉండినవారే. ఓవెన్ స్వస్థుడై మరల యుద్ధమునకు పోయి, సంధి కుదురుటకు వారము దినములకు ముందు, 1918 నవంబరు 4న రణరంగమున మరణించెను. సైనికవైద్యుని ధర్మసంకటము ఇందులో స్పష్టముగా కనబడుచున్నది. అతడు రోగికి వైద్యుడు, సేనకు ఉద్యోగి. ఇరువురి క్షేమము ఎల్లప్పుడు ఒక్కటి కాదు.

వియత్నాము యుద్ధము 1975లో ముగిసిన తరువాత గాని ఈ జబ్బునకు స్థిరమైన పేరు కుదురలేదు. 1980లో అమెరికా మనోవైద్యసంఘము తన వ్యాధుల జాబితాలో దీనిని చేర్చినది. ఘోరమైన ఆపదను చూచినవానికి అది ముగిసిన పిదప కూడ స్వప్నములందును, జాగ్రదవస్థయందును మరల మరల కనబడుట, నిద్ర పట్టకుండుట, చిన్న చప్పుడునకే ఉలికిపడుట, ఆత్మీయులకు దూరమగుట దీని లక్షణములు.

లెక్కలు చెప్పిన సంగతి

2001లో ఆఫ్గనిస్థానమునందును, 2003లో ఇరాకునందును యుద్ధములు ప్రారంభమైన తరువాత అమెరికా సైన్యమునకు ఒక చేదు అనుభవము కలిగినది. అంతకుముందు సైనికులలో ఆత్మహత్యల రేటు అదే వయస్సుగల పౌరులలోని రేటుకంటె తక్కువగా నుండెడిది. సైన్యమున చేర్చుకొనునపుడే ఆరోగ్యవంతులను ఏరుకొందురు. పని యుండును, జీతముండును, తోడివారుందురు. కావున అట్లుండుట సహజమని అందరును భావించుచుండిరి. 2004 తరువాత ఆ రేటు ఏటేట పెరిగి, 2008 నాటికి పౌరుల రేటును దాటిపోయినది. 2009లో సైన్యమును, దేశీయ మానసికారోగ్య సంస్థయు కలిసి ఈ విషయముపై ఒక మహాపరిశోధనకు పూనుకొనినవి.

యుద్ధభూమిలో చూచిన ఘోరములే దీనికి కారణమని ఎవరికైనను మొదట తోచును. లెక్కలు ఆ మాటను పూర్తిగా సమర్థింపలేదు. యుద్ధభూమికి ఎన్నడును పోని సైనికులలో గూడ ఆ సంవత్సరములలోనే రేటు పెరిగినదని 2014లో ప్రకటితమైన ఫలితములు చూపినవి. లక్షా యేబదివేలకు పైగా సైనికులను, మాజీ సైనికులను ఏండ్ల తరబడి పరిశీలించి 2013లో వెలువడిన మరియొక అధ్యయనమునందు, యుద్ధభూమికి పోవుటకును ఆత్మహత్యకును నేరుగా సంబంధము కనబడలేదు. మానసికమైన క్రుంగుబాటు, ఉన్మాదవిషాదములు మారిమారి వచ్చు వ్యాధి, మద్యపానపు చిక్కులు ఉన్నవారియందే ప్రమాదము ఎక్కువగా కనబడినది.

ఇందువలన యుద్ధము నిరపాయకరమని చెప్పుటకు వీలులేదు. 2004లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారము, ఇరాకునుండి తిరిగివచ్చినవారిలో నూటికి పదునారుగురు పదియేడుగురు వరకు క్రుంగుబాటు, తీవ్రమైన ఆందోళన, ఆపదానంతర పీడ అను మూడింటిలో ఏదో యొకదానికి లోనైయుండిరి. బయలుదేరుటకు ముందు పరీక్షించినవారిలో ఆ సంఖ్య నూటికి తొమ్మిది. యుద్ధము వ్యాధిని పెంచును. ప్రాణాపాయము వ్యాధిద్వారా వచ్చును. ఈ భేదము గ్రహించుట ముఖ్యము. గడచిన యుద్ధమును వెనుకకు త్రిప్పుట ఎవరి తరమును కాదు. వ్యాధికి మాత్రము చికిత్స కలదు. చికిత్స చేయుటకు రోగి వైద్యుని కంటబడవలెను.

ఏల చెప్పడు?

ఆ 2004 పరిశోధనయే మరియొక సంగతిని బయటపెట్టినది. రోగలక్షణములు స్పష్టముగా నున్నవారిలో మానసికవైద్యమునకై ఎవరినైనను ఆశ్రయించినవారు నూటికి ఇరువదిమూడు మొదలు నలుబదివరకు మాత్రమే. అట్టి లక్షణములు గలవారిని వైద్యమునకు పోవుటకు అడ్డంకులేవని ప్రశ్నింపగా, తమను బలహీనులుగా చూతురని నూటికి అరువదియైదుగురు చెప్పిరి. పై యధికారులు తమపట్ల వేరుగా ప్రవర్తింతురని అరువదిముగ్గురు, తోడివారికి తమయందు నమ్మకము తగ్గునని ఏబదితొమ్మండుగురు చెప్పిరి. ఎవరికి సహాయము ఎక్కువ అవసరమో, వారికే ఈ భయములు ఎక్కువగా నుండెను.

ఈ భయమును కేవలము అజ్ఞానమని తీసివేయరాదు. సైన్యమున ఒకని ప్రాణము ప్రక్కవాని చేతిలో నుండును. తుపాకి పట్టినవాని చేయి వణకునని తెలిసినచో ప్రక్కవాడు సందేహించుట సహజమే. వైద్యుని చీటీలో వ్రాసిన ఒక్క పదము ప్రమోషనును ఆపగలదు, పోస్టింగును మార్చగలదు. ఇంటిలో జీతమునకు ఎదురుచూచువారుందురు. ఇవన్నియు తూచుకొని మౌనము మేలని సిపాయి నిశ్చయించుకొనును.

పై యధికారికి వైద్యుడు ఏమి చెప్పవలెను, ఏమి చెప్పరాదు అను ప్రశ్నకు అమెరికా రక్షణశాఖ 2011లో ఒక నియమము చేసినది. మానసికవైద్యమునకు వచ్చినవాని సంగతి అధికారికి తెలుపకుండుటయే సాధారణ ధర్మము. తనకుగాని, పరులకుగాని హాని చేయు ప్రమాదము, అప్పగించిన కార్యమునకు భంగము కలుగునట్టి పరిస్థితి మొదలగు కొన్ని సందర్భములయందు మాత్రమే తెలుపవలెను. అప్పుడును అవసరమైనంత మేరకే తెలుపవలెను. నియమము కాగితముమీదికి వచ్చినంతనే భయము పోలేదు. అయినను వైద్యుడు ఈ సంగతిని సిపాయికి మొదటనే విడమరచి చెప్పగలుగుట చిన్న లాభము కాదు.

మొదటి గుమ్మము

మానసికవైద్యుని గుమ్మము త్రొక్కుటకు జంకువాడు సామాన్యవైద్యుని వద్దకు జంకకుండ పోవును. మోకాలునొప్పికి పోవుటలో నామర్దా లేదు. 2002లో పలు అధ్యయనములను క్రోడీకరించి చూడగా, ఆత్మహత్య చేసికొనినవారిలో నూటికి సుమారు నలుబదియైదుగురు మరణమునకు ముందు నెలరోజులలోపల సామాన్యవైద్యుని చూచియుండిరి. అదే నెలలో మానసికవైద్యుని చూచినవారు నూటికి ఇరువదిమంది మాత్రమే. ఇవి సాధారణ ప్రజలకు సంబంధించిన లెక్కలు. సైనికునకు వైద్యుడు దండులోనే ఉండును; వైద్యమునకు వ్యయము లేదు; సెలవు కావలెనన్నను, బరువుపని తప్పవలెనన్నను వైద్యుని చీటీయే కావలెను. కావున సామాన్యవైద్యుని గదియే అతనికి మొదటి గుమ్మము.

ఈ యుక్తిమీదనే అమెరికా సైన్యము ఉత్తర కెరొలైనా రాష్ట్రమునందలి ఫోర్ట్ బ్రాగ్ దండులో ఒక ప్రయోగమును ప్రారంభించి, 2007 నుండి దానిని ఇతర దండులకు విస్తరింపజేసినది. ‘రెస్పెక్ట్-మిల్’ అని దానికి పేరు. జలుబునకు వచ్చినను, కాలు బెణికి వచ్చినను, వచ్చిన ప్రతి సైనికుడును డాక్టరును చూచుటకు ముందు క్రుంగుబాటును గూర్చియు, ఆపదానంతర పీడను గూర్చియు కొన్ని చిన్న ప్రశ్నలకు జవాబు వ్రాయును. జవాబులు అనుమానాస్పదముగా నున్నచో డాక్టరు మరికొంత విపులముగా ప్రశ్నించును. చికిత్స ప్రారంభించినచో ఒక నర్సు రోగిని కనిపెట్టియుండును. మందు వాడుచున్నాడా, నిద్ర పట్టుచున్నదా, మరల రావలసిన దినమున వచ్చెనా అని టెలిఫోనుద్వారా విచారించుచుండును. మానసికవైద్యుడు ఆ నర్సుతో నియమముగా మాటలాడి సలహాలు చెప్పుచు, కఠినమైన రోగులను తానే చూచును.

ఈ పద్ధతిలో గమనింపదగిన విశేష మేమనగా, ప్రశ్న అందరికిని వేయుదురు. ఒక్కనినే పిలిచి అడిగినచో అతనిని వేలుపెట్టి చూపినట్లగును. అందరిని అడిగినచో అది రక్తపుపోటు చూచుటవంటి పని యగును. సిగ్గు కొంత సడలును.

తొమ్మిదవ ప్రశ్న

2001లో ముగ్గురు అమెరికా పరిశోధకులు ప్రకటించిన తొమ్మిది ప్రశ్నల పట్టిక నేడు లోకమంతట సామాన్యవైద్యుల బల్లలమీద కనబడుచున్నది. గడచిన రెండు వారములలో పనులయందు ఆసక్తి లేకుండుట, దిగులు, నిద్రలేమి, అలసట, ఆకలిమాంద్యము మొదలగునవి ఎన్ని దినములు బాధించినవో రోగి గుర్తు పెట్టును. ఒక్కొక్క జవాబునకు సున్న మొదలు మూడువరకు మార్కులు, మొత్తము ఇరువదియేడు. కడపటిదగు తొమ్మిదవ ప్రశ్న, చచ్చిపోయిన బాగుండునని గాని, తనకు తాను హాని చేసికొనవలెనని గాని తోచినదా అని అడుగును.

ఆ ప్రశ్నకు ‘లేదు’ అనినవారిలో మరుసటి సంవత్సరకాలమున ఆత్మహత్యాప్రయత్నము చేసినవారు వేయికి నలుగురు. ‘ఇంచుమించు ప్రతిదినము’ అనినవారిలో వేయికి నలుబదిమంది. 2013లో అమెరికా పౌరులగు రోగులపై జరిపిన పరిశోధనలో తేలిన లెక్క యిది. పది రెట్ల వ్యత్యాసమున్నది గనుక ఆ జవాబును త్రోసివేయరాదు. మరియొక వైపు చూచినచో, ప్రతిదినము అట్లు తోచుచున్నదనినవారిలో గూడ వేయికి తొమ్మిదివందల అరువదిమంది ఆ యేడు అట్టి ప్రయత్నము చేయలేదు. ‘లేదు’ అనినవారిలో కొందరు చేసిరి. ఏబది సంవత్సరముల పరిశోధనలను క్రోడీకరించి 2017లో వెలువడిన సమీక్ష గూడ, ఎవరు ప్రాణము తీసికొందురో ముందుగా చెప్పగల శక్తి మనకు మిక్కిలి తక్కువ యని నిర్మొగమాటముగా ఒప్పుకొనినది.

కావున వైద్యుడు జ్యోతిష్కుడు కానక్కరలేదు. ఎదుట నున్నవాని బాధను గుర్తించి చికిత్స చేసినచో చాలును. ఛాతినొప్పి చెప్పిన ప్రతివానికిని గుండెపోటు రాదు. అయినను ప్రతివానిని వైద్యుడు శ్రద్ధతో పరీక్షించును. ఇదియు అట్టిదే.

అడిగినచో లేని తలంపును పుట్టించినట్లగునేమో యను సంకోచము వైద్యులలోను, కుటుంబములలోను గలదు. ఈ సంకోచమునకు ఆధారము లేదు. న్యూయార్కు రాష్ట్రపు పాఠశాలలలో విద్యార్థులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమును ఈ విషయము సూటిగా అడిగి, రెండవదానిని అడుగక చూచిన పరిశోధన 2005లో వెలువడినది. అడిగినందువలన ఎవరికిని కీడు కలుగలేదు. ముందే దిగులుతో నున్న పిల్లలకు కొంత ఊరట కలిగినట్లు గూడ కనబడెను.

ఎడము పెట్టుట

‘అవును’ అని సిపాయి చెప్పెను. తరువాత ఏమి చేయవలెను? ఇక్కడ వైద్యుడు తడబడినచో అడిగిన ప్రశ్న వృథా యగును.

ప్రాణము తీసికొనవలెనను ఆవేగము చాలమందిలో కెరటమువలె లేచి పడును. అది లేచినపుడు చేతికందు దూరమున మారణసాధనము లేకుండుట ప్రాణరక్షణము. సైనికుని విషయమున ఇది మరింత సత్యము, ఏలయన అతని వృత్తియే ఆయుధముతో ముడిపడియున్నది. ఇజ్రాయేలు సైన్యమున యువసైనికులు వారాంతపు సెలవులకు ఇంటికి పోవునపుడు తుపాకులను వెంట తీసికొనిపోవుచుండిరి. 2006లో ఆ పద్ధతిని మార్చి తుపాకులను దండులోనే ఉంచి పోవలెనని నియమించిరి. ఆ తరువాత సైన్యములో ఆత్మహత్యల రేటు నూటికి నలుబదివంతులు తగ్గినదని 2010లో ప్రకటించిరి. తగ్గుదల ముఖ్యముగా వారాంతములందే కనబడెను. తక్కిన దినములలో చెప్పుకోదగినంత మార్పు లేదు. ఆ దుర్దినమున సాధనము దగ్గర లేకపోయినచో చాలమంది మరియొక దారి వెదకుకొనలేదన్నమాట.

రెండవది, కాగితముమీద వ్రాసికొను రక్షణప్రణాళిక. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అను ఇరువురు పరిశోధకులు దీనిని రూపొందించిరి. కెరటము లేచుచున్నదని తెలుపు గుర్తు లేవి, అప్పుడు తనంతట తాను చేయదగిన పను లేవి, ఎవరి దగ్గరకు పోయి కూర్చుండవలెను, ఎవరికి నోరు విప్పి చెప్పవలెను, ఏ వైద్యుని పిలువవలెను, ఇంటిలో ప్రమాదకరమైన వస్తువులను ఎవరికి అప్పగింపవలెను అను ఆరు అంశములను వైద్యుడును రోగియు కలిసి కూర్చుండి, రోగి మాటలలోనే వ్రాయుదురు. మాజీ సైనికుల వైద్యశాలల అత్యవసర విభాగములలో ఈ పద్ధతిని అవలంబించి, తరువాత టెలిఫోనుద్వారా విచారించుచు వచ్చినచోట్ల, ఆరు నెలలలో ఆత్మహత్యాచేష్టలు నూటికి నలుబదియైదువంతులు తక్కువగా నుండెనని 2018లో తేలినది.

మాటలద్వారా చేయు చికిత్స గూడ ఫలించును. కొలరాడో రాష్ట్రమునందలి ఫోర్ట్ కార్సన్ దండులో, ఆత్మహత్యాప్రయత్నము చేసినవారును, తీవ్రమైన ఆలోచనలు గలవారును అగు 152 మంది సైనికులను రెండేండ్లు పరిశీలించి 2015లో ఫలితములు ప్రకటించిరి. సాధారణ చికిత్సకు తోడు పన్నెండు బైఠకుల ప్రత్యేకచికిత్స పొందినవారిలో నూటికి పదునలుగురు మరల ప్రయత్నము చేసిరి. అది పొందనివారిలో ఆ సంఖ్య నలుబది.

అన్నిటికంటె చవుకయైన మందు ఉత్తరము. రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడుగా పనిచేసిన జెరోమ్ మోటో తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో మనోవైద్యుడయ్యెను. వైద్యశాలనుండి బయటికి పోయి, మరల చికిత్సకు రా నిరాకరించిన రోగులలో సగముమందికి ఆయన బృందము ఐదేండ్లపాటు అప్పుడప్పుడు చిన్న చిన్న ఉత్తరములు వ్రాసినది. ఉపదేశము లేదు, రమ్మను ఒత్తిడి లేదు. మీరు కుశలముగా నున్నారని తలచుచున్నాము, వ్రాయవలెననిపించిన వ్రాయుడు అను ధోరణిలో రెండు మూడు వాక్యములు. మొదటి రెండేండ్లలో ఉత్తరములందినవారిలో మరణములు తక్కువగా నుండెనని 2001లో ప్రకటించిరి. సైనికులకు ఇదేవిధముగా టెలిఫోను సందేశములు పంపి చూచిన ప్రయోగము 2019లో వెలువడినది. దాని ప్రధానఫలితములలో తేడా కనబడలేదు. ప్రయత్నముల సంఖ్యలో మాత్రము కొంత తగ్గుదల కనబడెను. ఉత్తరము సర్వరోగనివారిణి కాదు. తనను తలచుకొనువాడొకడున్నాడని తెలుపుటకు అది చాలును.

మన దండులు, మన పల్లెలు

భారతసైన్యమున జవాను ఆరోగ్యమును ‘షేప్’ అను ఆంగ్లపదపు ఐదు అక్షరములతో కొలుతురు. వినికిడి, కాలుసేతులు, దేహదారుఢ్యము, కంటిచూపు అనువానికి నాలుగక్షరములు. వానికన్నిటికిని ముందున్న ‘ఎస్’ మనస్సునకు సంబంధించినది. అన్నింటను ఒకటవ శ్రేణిలో నున్నవాడు సంపూర్ణారోగ్యవంతుడు. శ్రేణి దిగజారినచో పోస్టింగునందును, ప్రమోషనునందును చిక్కులు కలుగును. మనస్సునకు మొదటి అక్షరమిచ్చిన పద్ధతియే, ఆ అక్షరమునుగూర్చి నోరు విప్పుటకు జవాను వెనుదీయుటకు గూడ కారణమగుచున్నది. పల్టనులో అతనికి దగ్గరి వైద్యుడు రెజిమెంటు మెడికల్ ఆఫీసరు. ఆ యువవైద్యునకు జవాను ముఖము తెలియును, ఊరు తెలియును, సెలవు ఎప్పుడు దొరకలేదో తెలియును. ఈ పరిచయము ఏ ప్రశ్నావళికిని రాదు.

చట్టమును గూర్చియు ఒక మాట. 1950 నాటి సైనికచట్టపు 64వ సెక్షను ఆత్మహత్యాప్రయత్నమును నేరములలో చేర్చినది. పౌరులకు వర్తించు పాత శిక్షాస్మృతియొక్క 309వ సెక్షను గూడ అట్టిదే. 2018 మే 29న అమలులోనికి వచ్చిన మానసికారోగ్య సంరక్షణచట్టము, అట్టి ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెననియు, 309వ సెక్షను క్రింద శింక్షింపరాదనియు, అతనికి చికిత్సయు పునరావాసమును కల్పించుట ప్రభుత్వ బాధ్యత యనియు నిర్ణయించినది. 2024 జూలై 1 నుండి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాత సెక్షనునకు స్థానము లేదు. శిక్షకు బదులు చికిత్స యను తలంపు చట్టములోనికి వచ్చినది. మనుష్యుల మనస్సులలోనికి ఇంకను రావలసియున్నది.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన ‘టెలి మానస్’ ద్వారా, 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను టెలిఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. సైనికులకును, వారి కుటుంబములకును ప్రత్యేకముగా పూనా నగరమునందలి సాయుధదళముల వైద్యకళాశాలలో 2023 డిసెంబరు 1న ఒక విభాగమును తెరచిరి. పింఛనుదారులకు 2003లో ప్రారంభమైన మాజీ సైనికుల వైద్యపథకపు పాలీక్లినిక్కులున్నవి. బి.పి. మాత్రలకై అక్కడికి వచ్చు వృద్ధ సుబేదారును గూడ, నిద్ర ఎట్లున్నది, మనసెట్లున్నది అని డాక్టరు అడుగవచ్చును. అమెరికాలో 2022 ఒక్క సంవత్సరమునందే 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసికొనిరి. యూనిఫారము విప్పినంతనే ప్రమాదము తొలగదని ఆ లెక్క హెచ్చరించుచున్నది.

తెలుగునాట సైన్యమునకు మనుష్యులను పంపు పల్లెలు పెక్కు గలవు. తాడేపల్లిగూడెము సమీపమునందలి మాధవరమును ‘మిలిటరీ మాధవరము’ అనుటయే వాడుక. రెండు ప్రపంచయుద్ధముల కాలమునుండియు ఆ యూరివారు సైన్యమున పనిచేయుచు వచ్చిరి. అట్టి ఊళ్లలో సెలవుమీద వచ్చిన జవాను చూపునది ఊరి డాక్టరుకే. దండులో నోరు విప్పనివాడు, చీటీ పై యధికారికి పోదను ధైర్యముతో ఇక్కడ విప్పవచ్చును. పొలముగట్టు తగాదా, చెల్లెలి పెండ్లి అప్పు, భార్యకును తల్లికిని పడకపోవుట వంటివి సరిహద్దున ఒంటరిగా కాపలా కాయువాని మనస్సులో కొండంతలగును. భూమి తగాదాలవంటి చిక్కులను కలెక్టరు దృష్టికి తెచ్చుటకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములున్నవి. డాక్టరు ఆ సంగతి చెప్పి పంపుట గూడ చికిత్సలో భాగమే.

ఇంటివారు చేయదగినదియు కలదు. సెలవుకు వచ్చినవాడు రాత్రులు వసారాలో పచారులు చేయుచున్నను, అదివరకు లేని త్రాగుడు పట్టినను, ప్రియమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుచున్నను, నేను లేకున్నను మీకు లోటు లేదని మాటల నడుమ అనుచున్నను, అలసట యని సరిపెట్టుకొనరాదు. ‘ఏమిరా నాయనా, బ్రతుకుమీద విసుగు పుట్టినదా, చచ్చిపోవలెననిపించుచున్నదా?’ అని తల్లి సూటిగా అడుగవచ్చును. అడిగి, జవాబు ముగియువరకు అడ్డురాక వినవలెను. దైర్యము చెప్పుట తరువాత చేయవచ్చును. ఆ రాత్రి అతనిని ఒంటరిగా విడువక, మరునాడు డాక్టరు వద్దకు వెంటబెట్టుకొని పోవలెను.

సైన్యమున గాయపడినవానిని రణరంగమున విడిచి రాకూడదనునది సిపాయిధర్మము. తూటా తగిలి పడినవానికై ప్రాణములకు తెగించి తిరిగిపోయిన జవానులకు పతకములిచ్చి గౌరవించుచున్నాము. నడుమునొప్పి యని చెప్పుచు ఎం.ఐ. రూము బల్లమీద కూర్చుండినవాడు గూడ గాయపడినవాడే కావచ్చును. అతనిని తీసికొనివచ్చుటకు తెగువ అక్కరలేదు. డాక్టరు కలము క్రింద పెట్టి, ముఖము చూచి, ఇంకొక మాట అడిగినచో చాలును.